ఏడున్నర కాఫీ

ల్యాబు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు మాత్రం పనిచెయ్యడం లేదు. పదకొండూ పదికి పైకి చేరేసరికి డిటెక్టివ్ గడియారం మోకాళ్లు రెండూ కలిసి ఆయన్ని తిట్టిపోశాయి. తనను ఈ కేసుకు కుదుర్చుకున్న మనిషేమో లిఫ్టు మెకానిక్కు. చెప్పులు కుట్టేవాడి పెళ్లాం కాళ్లకు చెప్పులుండవంటారు, డిటెక్టివ్‌ల గతీ అంతేననుకుంటూ గోడకు ఆనుకుని ఆయాసం తీర్చుకున్నాడు.

గడియారం అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పోలీసుశాఖలో ఇరవై ఆరేళ్లు ఉండి, ఎదురుపడ్డ ప్రతివాణ్నీ "అప్పుడు టైమెంత?" అని వేధించినందుకు అంటుకున్న పేరు. ఉద్యోగం వదిలి డిటెక్టివ్ బోర్డు తగిలించుకుని ఆరేళ్లయినా పేరు ఆయన్ని వదల్లేదు. మూడు రోజులుగా సరైన నిద్ర లేదు. ఈ సాయంత్రం నాలుగింటికి కోర్టుంది. ఆ నాలుగో గంట ఆయన నెత్తి మీద కూర్చుని ఉంది.

ఆస్పత్రి బట్టలు ఉతికే లాండ్రీలో, వాడకం లేని ఇనప బీరువాలో, దుప్పటి చుట్టిన పసికందు శవం దొరికింది. పోయి రెండు నెలలైందని తేల్చారు. ఇస్త్రీ సెక్షన్‌లో పనిచేసే ఇరవై ఏడేళ్ల ఆడమనిషిని సోమవారం ఉదయం పదింటికి అరెస్టు చేశారు. ఆ రోజే కోర్టు మూడు రోజుల పోలీసు కస్టడీకి ఇచ్చింది, అది ఇవాళ్టితో అయిపోతుంది. ఆమె జాకెట్టు మీద పాల మరక చూశామని తోటివాళ్లు చెప్పారు. ఒళ్లు చేసింది. నెలసరి లేదు. సరిగ్గా రెండు నెలల క్రితం పది రోజులు సెలవు పెట్టింది. గతంలో ఒకసారి గర్భం పోయింది కాబట్టి మళ్లీ కాన్పయిందో లేదో ఖాయంగా చెప్పలేనని పరీక్షించిన డాక్టరు చేతులెత్తేసింది. బిడ్డ తల్లెవరో తేల్చే డీఎన్ఏ రిపోర్టుకు మూడు వారాలు పడుతుంది. నా భార్య ఈ పని చెయ్యలేదు సార్ అని మెకానిక్కు గడియారం ఇంటి గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. కోర్టు అనుమతితో రక్తం తీయించి గడియారం ఈ ల్యాబుకు పంపాడు.

హార్మోన్ల డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితం ఆయన ముందుకు జరిపింది.

"ప్రొలాక్టిన్ అని పాల హార్మోను. మామూలుగా ఇరవై అయిదు లోపు ఉండాలి. ఈ పిల్లకు నూట తొంభై ఉంది."

"అంటే కాన్పయినట్టా?"

"కానక్కర్లేదు. రక్తంలో రిస్పెరిడోన్ దొరికింది. మనోవ్యాధులకిచ్చే మందు. లేని గొంతులు వినపడేవాళ్లకీ, లేనిపోని అనుమానాలతో కుమిలిపోయేవాళ్లకీ ఇస్తారు."

"ఆమె ఏ మందూ వాడడం లేదని నాతో చెప్పింది."

"ఆమె అబద్ధమైనా చెప్పి ఉండాలి, లేదా ఆమెకు తెలియకుండానైనా ఇస్తూ ఉండాలి. రక్తం మాత్రం అబద్ధం చెప్పదు." ఆమె కాగితం వెనక బొమ్మ గీసింది. "మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుంది. పాల హార్మోను అక్కడ తయారవుతుంది. మెదడు నుంచి డోపమిన్ వచ్చి ఎప్పటికప్పుడు దాన్ని అణిచి ఉంచుతుంది. ఈ మందు ఆ డోపమిన్ నోరు నొక్కేస్తుంది. ఇక గ్రంథికి అడ్డెవరు? కాన్పు లేకుండానే పాలొస్తాయి. నెలసరి ఆగిపోతుంది. ఒళ్లొస్తుంది. పిల్లలు కావాలనుకుంటే కలగరు."

గడియారం ఆఖరి మాట దగ్గర ఆగాడు. ఆమె మూడేళ్లుగా పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరుగుతోందని మెకానిక్కే చెప్పాడు.

"వాళ్లెవరూ ఈ హార్మోను చూడలేదా?"

"చూసే ఉంటారు. తగ్గడానికి మాత్రలూ ఇచ్చి ఉంటారు. ఒకరు పైనుంచి తగ్గిస్తుంటే ఇంకొకరు కిందనుంచి పెంచుతుంటే ఏం తగ్గుతుంది?"

"ఈ మందు చివరిసారి ఎప్పుడు తాగిందో చెప్పగలరా?"

"చెప్పగలను, అందుకే మిమ్మల్ని మూడంతస్తులు ఎక్కించాను." డాక్టరమ్మ రెండు అంకెల కింద గీతలు గీసింది. "ఒంట్లోకి వెళ్లిన మందును లివరు మార్చేస్తుంది. మారింది కూడా మందులాగే పనిచేస్తుంది. నా విద్యార్థులకు తల్లిమందు, పిల్లమందు అని చెబుతుంటాను. పిల్లమందు మెదడులోకి అంత తేలిగ్గా దూరలేదు. కానీ ఆ గ్రంథి మెదడు గడప బయట కూర్చుని ఉంటుంది, కాబట్టి దాని మీద పూర్తిగా పడుతుంది. పైగా రోజుల తరబడి పోదు. తల్లిమందు అలా కాదు. మూడు నాలుగు గంటలకోసారి సగం ఖర్చయిపోతుంది. కొందరి లివరుకు మార్చే శక్తి ఉండదు, ఈ పిల్లకు ఆ లోపం లేదు. పిల్లమందు దండిగా ఉంది. దాంతోపాటు తల్లిమందు కూడా బాగానే ఉంది."

"రక్తం తీసింది నిన్న, బుధవారం, తొమ్మిదిన్నరకు."

"అయితే నిన్న పొద్దున్నే ఎవరో పోశారు."

సోమవారం నుంచి ఆమె లాకప్పులో ఉంది. గడియారం గడియారం వైపు చూసుకోలేదు, ఈసారి అవసరం లేకపోయింది.

"ఎలా పోస్తారు?"

"చుక్కల మందుగా దొరుకుతుంది. నీళ్లలోనో కాఫీలోనో కలిపితే తేడా తెలియదు. టీలో మాత్రం కలపకూడదు, మందు చెడుతుంది. పెట్టెలో ఉండే కాగితం మీద రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ." ఆయన లేచాక ఆమె మళ్లీ పిలిచింది. "ఇంకోమాట. నిజం తెలిశాక ఒక్కసారిగా ఆపెయ్యనివ్వకండి. ఏ జబ్బుకైతే ఇస్తున్నారో ఆ జబ్బు విరుచుకుపడుతుంది. మెల్లగా మార్చాలి. దీనిలా పాల హార్మోనును పెంచని మందులున్నాయి."

పన్నెండూ ఇరవైకి మెకానిక్కు ఇంటి తాళం తీశాడు. ఒక గది, ఒక వంటిల్లు. పై వాటాలో అతని వదినగారు, అంటే అరెస్టయిన ఆమె అక్క, ఒంటరిగా ఉంటుంది. గడియారం నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"ఇక్కడేముంటుంది సార్? లాండ్రీలో వెతకాలి గానీ," అన్నాడు మెకానిక్కు.

"లాండ్రీలో నిన్న వెతికాను. నీ భార్య అక్కడ రోజుకు అయిదు టీలు తాగుతుందట. టీ అంటే ప్రాణమట."

"అవును సార్."

స్టౌ పక్కన రెండు డబ్బాలున్నాయి. టీ పొడి డబ్బా మూత తీస్తే లోపల చెంచా కూడా లేదు, పొడి అట్టలు కట్టుకుపోయింది. కాఫీ పొడి డబ్బా మూత రోజూ తీసి పెట్టడం వల్ల మెరుస్తోంది.

"మరి ఇంట్లో ఆమె కాఫీ ఎందుకు తాగుతోంది?"

"వాళ్లక్క అలవాటు చేసింది సార్. పొద్దున పూట టీ మంచిది కాదని."

"అక్క ఏం పని చేస్తుంది?"

"ఆస్పత్రి మందుల షాపులో. కౌంటరు దగ్గర."

గడియారం కడిగి బోర్లించిన గిన్నెల వైపు వంగాడు. వంగడం తేలికే, లేవడమే కష్టం. చెంచాల మధ్య సన్నటి గాజు గొట్టం ఒకటుంది, చివర రబ్బరు బుడ్డి, ఒంటినిండా గీతలు.

"ఇదేమిటి?"

మెకానిక్కు దాన్ని అందుకోబోయాడు. "లిఫ్టు తలుపుల పట్టాలకు నూనె చుక్కలు వేసుకునేది సార్."

గడియారం దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూనె పట్టిన వస్తువును ఎంత కడిగినా వాసన పోదు. దీనికి సబ్బు వాసన తప్ప మరోటి లేదు. రుమాల్లో చుట్టి జేబులో వేసుకుని, "పద, స్టేషన్‌కు పోదాం," అన్నాడు. ఆయనకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా కాస్త ఓపిక కావాలి.

స్టేషన్‌లో లాకప్పు కాపలా చూసే మహిళా కానిస్టేబుల్ కుర్చీలో కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవులిస్తోంది. అప్పుడు ఒంటి గంటా పది.

"ఏమ్మా, రాత్రి డ్యూటీయా?"

"కాదు సార్. పగలే. మంగళవారం నుంచి ఇదే వరస, కళ్లు మూతలు పడిపోతున్నాయి. మా అత్తగారు దిష్టి అంటోంది."

"ఇంటి నుంచి వచ్చే తిండి ముందు నువ్వే రుచి చూస్తావు కదూ?"

"రూలు సార్. ఒక గుక్క తాగి, పావుగంట ఆగి, అప్పుడు లోపలికివ్వాలి."

"ఒక్క గుక్కేనా?"

ఆమె తల దించుకుంది. "కాఫీ బాగుంటుంది సార్. అరగ్లాసు దాకా."

"రేపట్నుంచి నీ కాఫీ నువ్వే పెట్టుకో. దిష్టి దానంతటదే పోతుంది. ఆ తెచ్చినవి రాసే పుస్తకం ఏదీ?"

పుస్తకంలో రెండు పేజీలు చూశాడు. మంగళవారం, బుధవారం, ఈ రోజు, మూడు రోజులూ ఒకే టైము, ఒకే వస్తువు. వేలితో ఆ వరుసలు తడిమి పుస్తకం మూసి, ఇన్‌స్పెక్టరు సాక్ష్యం కోసం పిలిపిస్తే డ్యూటీ నుంచి వచ్చి లోపలి గదిలో కూర్చున్న అక్క దగ్గరికి వెళ్లాడు. నలభై దాటిన మనిషి, మందుల షాపు తెల్లకోటు మడిచి ఒళ్లో పెట్టుకుంది. గాజు గొట్టం బల్ల మీద పెట్టగానే ఆమె ముఖం పాలిపోయింది.

"నేనే," అంది, ఆయన ఏమీ అడక్కముందే. "నేనే పోస్తున్నాను. మరిదిగారికి ఏమీ తెలియదు."

"ఎప్పట్నుంచి?"

"ఆరేళ్ల క్రితం జబ్బు చేసింది. మందులతో నయమైంది. నయమయ్యాక నాకేం జబ్బు లేదు, మాత్ర మింగనంది. మానేసిన ప్రతిసారీ తిరగబెట్టేది. ఏం చెయ్యమంటారు? కట్టేసి మింగించమంటారా?"

"రెండు నెలల క్రితం పది రోజుల సెలవు?"

"మళ్లీ తనలో తను మాట్లాడుకోవడం మొదలెట్టింది. మోతాదు పెంచాం. పది రోజులూ నా వాటాలోనే పడుకుని ఉంది, నిద్ర తప్ప వేరే ధ్యాస లేదు. పక్కింటివాళ్లు కూడా చూశారు."

"పెంచాం అన్నారు. ఎవరెవరు?"

ఆమె మడిచిన కోటును మళ్లీ మడిచింది.

"మీ డ్యూటీ ఎన్ని గంటలకు?"

"ఆరుకు."

"ఈ మూడు రోజులూ వెళ్లారా?"

"వెళ్లాను. కౌంటరు తెరిచేది నేనే."

"అయితే ఏడున్నరకు ఇక్కడికి ఫ్లాస్కు తెచ్చిందెవరమ్మా?"

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. ఒకప్పుడు గడియారం కింద పనిచేసినవాడే. ఇప్పుడు గురువుగారూ అని పిలుస్తూ, ఆ పిలుపులోనే గురువును గుమ్మం బయట నిలబెడతాడు.

"గురువుగారూ, నా స్టేషన్‌లో నా సాక్షిని మీరు ప్రశ్నిస్తున్నారు. టైమెంతయిందో మీకు నేను చెప్పాలా?"

"ఒకటీ ముప్పై అయిదు. కూర్చో, నీకూ పనికొచ్చే సంగతే."

గడియారం ల్యాబు కాగితం చూపించి నాలుగు మాటల్లో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నిలబడే విన్నాడు.

"పాలున్నాయి. బిడ్డ ఉంది. మధ్యలో ఈ చుక్కలెందుకు? సరే, మీ మాటే నిజమనుకుందాం. ఆమెకు పిచ్చి అని మీరే రుజువు చేశారు. పిచ్చిదై బిడ్డను చంపిందంటే జడ్జిగారు ఇంకా త్వరగా నమ్ముతారు."

"నిప్పు లేనిదే పొగ రాదనుకుని పాల మరకను పట్టుకున్నావు. ఇప్పుడు ఆ పాలు మందు వల్లేనని తేలాక, నీ చేతిలో ఏం మిగిలింది? నెలసరి లేకపోవడం మందు వల్ల. ఒళ్లు రావడం మందు వల్ల. సెలవు పెట్టింది మందు మత్తుకు. అందులో కాన్పెక్కడుంది?"

"మందు ఆమే దొంగచాటుగా తాగిందని నేనంటాను. మీరు కాదనగలరా?"

"లాకప్పులోనా? నీ కాపలాలోనా?"

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. "ఎవరు పోశారో వాళ్లను జడ్జిగారి ముందు నిలబెట్టండి. లేదంటే ఈ కాగితం పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది. మూడు వారాలు జైల్లో ఉంటుంది, డీఎన్ఏ వచ్చాక చూద్దాం."

"లాండ్రీలో ముప్పై మంది ఆడవాళ్లున్నారు. ఒక్కదాన్నే అడిగావు. ఎందుకయ్యా?"

"మిగతావాళ్ల జాకెట్ల మీద మరకల్లేవు గనక," అని ఇన్‌స్పెక్టరు తలుపు వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాటలో అతని తప్పంతా ఉంది. అతని వయసులో తనూ అలాంటి తప్పులు చేశాడని గడియారానికి తెలుసు కాబట్టి వెనక్కి పిలిచి చెప్పాలనిపించలేదు.

అక్క కోటును నలుపుతూ ఏడుస్తోంది.

"పాలు రావడం మందు వల్లేనని మీకు తెలుసా?" అని అడిగాడు.

"మొన్నటిదాకా తెలియదు. అరెస్టయ్యాక షాపులో కాగితం తీసి చదివాను. అప్పటిదాకా కాఫీ, టీ సంగతి వరకే చదివాను. కింద ఇంకేముందో చూడలేదు. పిల్లలు కలగరని కూడా రాసుంది." ఆమె కోటుతో కళ్లు తుడుచుకుంది. "చదివి మరిదిగారికి చూపించాను. ఎవరికీ చెప్పొద్దని కాళ్లు పట్టుకున్నారు."

మూడూ అయిదుకు గడియారం వరండాలో బెంచీ మీద మెకానిక్కు పక్కన కూర్చున్నాడు. అతని చేతుల్లో భార్యకు తెచ్చిన ఉతికిన చీర ఉంది. వాకిట్లో కోర్టుకు తీసుకెళ్లే వ్యాను వచ్చి ఆగింది.

"పుస్తకంలో మూడు రోజులూ ఏడున్నరే. తెచ్చినవాడు భర్త. కింద నీ సంతకం."

మెకానిక్కు బుకాయించలేదు. తల వంచుకుని చీర అంచు సరిచేశాడు.

"పెళ్లికి ముందే వదిన అంతా చెప్పింది సార్. నేను చూసుకుంటానన్నాను. చూసుకున్నాను. మూడేళ్లలో ఒక్క పొద్దు కూడా తప్పలేదు. భార్యకు కాఫీ పెట్టిచ్చే మొగుడని వీధంతా మెచ్చుకుంది."

"పాలు మందు వల్లని మంగళవారమే తెలిసింది నీకు. ఇవాళ గురువారం."

"ఆ బిడ్డ తల్లెవరో కనుక్కోమని మిమ్మల్ని పెట్టుకున్నాను సార్. మా వంటింట్లో వెతకమని కాదు."

"నాలుగింటికి ఆమె జైలుకు పోతుంది."

"మూడు వారాలే కదా సార్. డీఎన్ఏ వస్తుంది, నిర్దోషి అని తేలుతుంది, ఇంటికి తెచ్చుకుంటాను. ఇవాళ నేను నోరు విప్పితే ఆమె ఇంక నా ఇంటికి రాదు." అతను చీర మడతను ఒళ్లోకి లాక్కున్నాడు. "ఆమె జబ్బేమిటో తెలుసా మీకు? అన్నంలో, నీళ్లలో ఎవరో ఏదో కలుపుతున్నారని. కన్నతల్లి పెట్టినా ముట్టేది కాదట. తొమ్మిది రోజులు ఏమీ తినక చావు దాకా పోయింది. అలాంటి మనిషికి, అవునే, నిజంగానే కలిపాను అని నేనెలా చెప్పను?"

అతను చెడ్డవాడైతే పని తేలికయ్యేది. ఇలాంటివాళ్లను చూస్తేనే గడియారానికి ఈ వృత్తి మీద విరక్తి పుడుతుంది.

"మూడేళ్లుగా పిల్లల్లేరని ఆమె ఏడుస్తుంటే, పాపం నీకూ తెలియదు. సరే. మంగళవారం తెలిశాక కూడా బుధవారం పోశావు. ఇవాళా పోశావు."

"మానేస్తే ఆ గదిలో, ఆ కటకటాల్లో, జబ్బు తిరగబెడితే?"

"డాక్టరుతో చెప్పాల్సింది. ఆమెతో చెప్పాల్సింది. ఇప్పుడు నాతో వచ్చి జడ్జిగారితో చెప్పు. ఇంకో దారి లేదు."

మెకానిక్కు ముఖం ఎత్తాడు. ఎత్తిన ముఖం ఎత్తినట్టే ఉండిపోయింది. అతని చూపు గడియారం భుజం మీదుగా వెనక్కి పోయింది.

ఆమె అక్కడే ఉంది. వ్యాను ఎక్కించడానికి కానిస్టేబుల్ బయటికి తీసుకొచ్చింది. ఎంతసేపుగా నిలబడిందో గానీ, కానిస్టేబుల్ ఆవులింతలన్నీ ఆగిపోయి గుడ్లప్పగించి చూస్తోంది. వెనక గది గుమ్మంలో అక్క గోడ పట్టుకుని ఉంది.

మెకానిక్కు లేచాడు. చీర కింద పడింది. "అది కాదు, నేను చెప్పేది విను," అన్నాడు.

ఆమె అతన్ని చూడలేదు. అక్కను చూసింది. "నువ్వు కూడానా అక్కా?" అని అడిగింది, చాలా మామూలుగా.

అక్క తల దించుకుంది.

"నాకు పిల్లలు పుట్టకపోవడం దాని వల్లేనా సార్?" ఈసారి గడియారాన్ని అడిగింది.

"చాలావరకు దానివల్లేనమ్మా. మందు మారిస్తే కలగొచ్చు. డాక్టరమ్మ చెప్పింది. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదని ఇవాళ కోర్టులో నీ భర్త చెబుతాడు. చెబుతావు కదూ?"

మెకానిక్కు తలూపాడు. కన్నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

మూడూ ఇరవై అయింది. ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికొచ్చి, అందరి ముఖాలూ చూసి అక్కడే ఆగిపోయాడు. కానిస్టేబుల్‌కు మనసు ఆగలేదు. పరుగున వెళ్లి కుండలోంచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. "తాగమ్మా, పెదవులు ఎండిపోయాయి," అంది.

ఆమె గ్లాసు అందుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో ఏం కలిపారు?"

ఆ మాట విని అక్క గుమ్మంలోనే కూలబడింది. ఒక్క పూటైనా మందు ఆగకముందే జబ్బు వచ్చేసిందా, లేక ఇది జబ్బు కాదా, తేల్చి చెప్పగల మనిషి ఆ వరండాలో లేడు. గడియారం ఆమె దగ్గరికి వెళ్లి, తనకున్న కాస్త ఓపికనూ గొంతులో పెట్టి చెప్పాడు.

"ఏమీ కలపలేదమ్మా. ఉత్త నీళ్లే."

"ఆయన కూడా అలాగే చెప్పేవాడు సార్. ఉత్త కాఫీయేనని," అని ఆమె గ్లాసును జాగ్రత్తగా బెంచీ మీద పెట్టి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే నడిచి వెళ్లి వ్యాను ఎక్కింది.